నికర ఎత్తు

మా ఊళ్లో పాలవాళ్లు సైకిళ్లు అమ్మేసి మోటారు బళ్లు కొనుక్కున్న ఏడాదే, కార్లున్న పెద్దమనుషులంతా సైకిళ్లు కొనుక్కున్నారు. తెల్లవారేసరికి బీచి రోడ్డు నిండా బిగుతు నిక్కర్లు, కోడిపుంజు జుట్టు లాంటి హెల్మెట్లు. సైకిలు ఎంత తేలికగా ఉంటే మనిషి అంత బరువైనవాడని లెక్క. మా వీధి చివరి డాక్టరు గారు చిటికెనవేలితో ఎత్తగల సైకిలొకటి తెప్పించుకున్నారు. దాన్ని కారు నెత్తిన కట్టి బీచికి తీసుకెళ్లి, ఓ అరగంట తొక్కి, మళ్లీ కారు నెత్తిన కట్టి ఇంటికి తెచ్చేవారు.

ఇంతమందికి ఉత్సాహం పుట్టాక దాన్ని చూసుకోవడానికి ఒక ఆఫీసు పుట్టక మానదు. దాని పేరు నగర ఆరోగ్య చైతన్య మండలి. సభ్య కార్యదర్శి చామర్తి విశ్వంభరరావు గారు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరు నమస్కారం పెట్టినా రెండు చేతులూ ఎత్తి ప్రతినమస్కారం చేసేవారు. సైకిలు మీద ఉన్నప్పుడు కూడా అలాగే చేయబోయి ఒకసారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నారు. అప్పటినుంచి ఆయన సైకిలు తొక్కడం మానేసి, సైకిళ్ల గురించి ఉపన్యాసాలివ్వడం మొదలుపెట్టారు.

ఆ మండలి తరఫున నగర ప్రదక్షిణ కరుణా సైకిలు యాత్ర అని ప్రకటించారు. బీచి దగ్గర బయలుదేరి ఊరి చుట్టూ ఉన్న ఐదు కొండలూ ఎక్కి దిగి, తొంభై రెండు కిలోమీటర్లు తిరిగి, మళ్లీ బీచికే రావాలి. ఐదు కొండలూ కలిపి ఎక్కే ఎత్తు వెయ్యిన్ని పది మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కినవాళ్లు నూరుమంది ఉన్నారని మండలి ధ్రువీకరిస్తే, ఐదో కొండ మీదున్న గుమ్మిగూడకి ఒక చిన్న అంబులెన్సు ఇస్తామని ఒక సిమెంటు కంపెనీ ముందుకొచ్చింది.

గుమ్మిగూడలో డెబ్భై గడపలుంటాయి. పర్యాటకులు వస్తారని కొండపైదాకా తారు రోడ్డు వేశారు, పైన ఒక ఇనప బల్ల కూడా వేశారు. పర్యాటకులు మాత్రం రాలేదు. రోడ్డు ఇరుకు. ఆరో మలుపు దగ్గర పెద్ద అంబులెన్సు తిరగదు. ఆ వాలు చూసి ఆటోవాళ్లు దండం పెడతారు. అంచేత నొప్పులొచ్చిన ఆడమనిషిని దుప్పటితో డోలీ కట్టి ఏడు కిలోమీటర్లు మోసుకుని దించుతారు. కొన్నిసార్లు పురుడు దారిలోనే వచ్చేస్తుంది. కొన్నిసార్లు డోలీ సగం దారిలో వెనక్కి తిరుగుతుంది.

ఇదంతా నాకు మా ఆవిడ చెప్పేది. సుభాషిణి ఏఎన్ఎంగా పనిచేసింది. పద్దెనిమిదేళ్లు ప్రతి బుధవారం టీకాల పెట్టె భుజాన తగిలించుకుని ఆ కొండ ఎక్కింది. జూట్ మిల్లు స్టోర్సులో నాకు బుధవారాలు రెండో షిఫ్టు కనక, పొద్దున్నే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని కొండ అడుగున దింపేవాణ్ని. ఒక్కసారి పైకి రాకూడదా అనేది. వచ్చే వారం వస్తాననేవాణ్ని. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆ కొండ నేనెప్పుడూ ఎక్కలేదు.

యాత్ర సంగతి తెలిసిన వారంలోనే శనివారం సంతలో పోలమ్మ కనిపించింది. గుమ్మిగూడలో మా ఆవిడ వెంట ఇంటింటికీ తిరిగిన మనిషి. అడ్డాకులు అమ్ముకోవడానికి దిగింది. కోడలు చిలకమ్మకి ఎనిమిదో నెల వెళ్తోందని, మొదటి కాన్పు అడ్డం తిరిగి బిడ్డ దక్కలేదని చెప్పింది. ఈసారి ఆస్పత్రికి ముందే తీసుకుపొమ్మని డాక్టరమ్మ చెప్పిందట గాని, ఎప్పుడు, ఎలాగ అన్నది డాక్టరమ్మ చెప్పలేదు.

"ఆ బండేదో ఇస్తారంట కదా, ఎప్పుడొస్తాది బావూ?" అని అడిగింది పోలమ్మ.

"నూరుమంది కొండలెక్కితే వస్తుంది" అన్నాను.

ఆవిడ అడ్డాకుల కట్ట కింద పెట్టింది. "మా ఊల్లో దినమూ ఎక్కుతన్నారు కదేటి నూరుమంది. మాకెందుకివ్వరు?"

మర్నాడు వెళ్లి యాత్రకి పేరిచ్చాను. నాకు అరవై ఆరు. సైకిలుకి ముప్ఫై ఒకటి. దరఖాస్తులో గేర్లు ఎన్ని అన్న గడి ఉంది. లేవని చెబితే గుమస్తా గడి ఖాళీగా వదలకూడదన్నాడు. సున్నా వెయ్యడానికి కంప్యూటరు ఒప్పుకోలేదు. చివరికి నా మొహం చూసి, తనంతట తనే ఇరవై ఒకటి అని వేసేశాడు. లోకంలో మంచివాళ్లు ఎక్కడ పడితే అక్కడ ఉంటారు.

యాత్రకి మూడు వారాల ముందు మమ్మల్నందరినీ సమావేశానికి పిలిచారు. నూట నలభైమందిమి పేర్లిచ్చాం. విశ్వంభరరావు గారు కరుణ గురించి ముప్పావు గంట మాట్లాడి కూర్చున్నాక, పక్కనున్న కుంభా దక్షిణామూర్తి గారు లేచారు. ఆయన తనిఖీ శాఖ నుంచి మండలికి డిప్యుటేషను మీద వచ్చిన పరిశీలనాధికారి. బక్కపల్చటి మనిషి. జేబులో ఎర్ర ఇంకు పెన్ను తప్ప ఇంకోటి ఉండదు.

"చిన్న సందేహం. యాత్ర బీచి దగ్గర మొదలై బీచి దగ్గరే ముగుస్తుంది. బీచి సముద్రమట్టం. అంటే యాత్రికుడు ఎంత ఎక్కాడో అంతా దిగేశాడు. నికర ఎత్తు సున్నా. సున్నా ఎక్కినవాడికి వెయ్యి ఎక్కాడని ధ్రువపత్రం మీద నేనెలా సంతకం పెట్టను?"

వెనకనుంచి ఒక కుర్రాడు, కాళ్లు పీకుతాయి కదండీ అన్నాడు. నొప్పి అనుభవానికి సంబంధించినదని, ధ్రువపత్రం వాస్తవానికి సంబంధించినదని దక్షిణామూర్తి గారు శాంతంగా చెప్పారు. డాక్టరు గారు లేచి, మేడ మెట్లెక్కి దిగితే గుండెకి మంచిదంటారు కదా, దాన్నీ సున్నా అంటారా అన్నారు. ఆ ప్రశ్న వైద్య శాఖ పరిధిలోకి వస్తుందన్నారు దక్షిణామూర్తి గారు.

నిజం చెప్పొద్దూ, నాకు ఆయన మాటలో తప్పు కనిపించలేదు. నేనూ బీఎస్సీ చదువుకున్నవాణ్నే. తప్పు కనిపించకపోవడం వల్లే భయం వేసింది.

మండలి మూడుసార్లు సమావేశమై దీనికి పరిష్కారం కనిపెట్టింది. యాత్ర ఇక ఐదో కొండ పైనే ముగుస్తుంది, ఎత్తు నిలవాలి కనక. మధ్యలో కొండలు దిగడం మాటేమిటి? అందుకు పద్నాలుగో నిబంధన రాశారు. అది నాకు కంఠతా వచ్చు:

యాత్రికుడు తాను గడించిన ఎత్తును సైకిలు ద్వారా గాని, కాలినడకన గాని కోల్పోరాదు. అవరోహణ కేవలం మండలి ఏర్పాటు చేసిన వాహనంలోనే జరగవలెను. యాత్రికుడు ఒక్కరైనను కొండపై ఉన్నంతవరకు, అట్టి వాహనము డ్రైవరుతో సహా పైన సిద్ధముగా ఉండవలెను. దిగినట్టు నమోదు కానిదే, ఎక్కినట్టు తుది ధ్రువపత్రము జారీ చేయరాదు.

వాహనంలో దిగినా ఎత్తు పోయినట్టే కదా అని ఎవరో అడిగారు. అది వాహనం కోల్పోయిన ఎత్తు, దాన్ని వ్యక్తి మీద వెయ్యడం న్యాయం కాదన్నారు దక్షిణామూర్తి గారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చిలకమ్మకి తొమ్మిదో నెల వచ్చేలోగా ఏదో ఒక నిబంధన మీద నూరుమంది ఎక్కితే చాలుననుకున్నాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. కొండలు సరే, మామూలు రోడ్డు మీద పల్లాలున్నాయి. మన రోడ్లు తెలిసినవే. గుంటలో దిగినవాడు ఎత్తు కోల్పోతాడు కదా. మండలి పదిమంది తాపీమేస్త్రీలను రసమట్టాలిచ్చి రోడ్ల మీదకి పంపింది. వాళ్లు దారి పొడుగునా నాలుగు వేల చిల్లర గుంటలున్నాయని నివేదిక ఇచ్చారు. వారం రోజుల్లో అన్నింటినీ ఇసక బస్తాలతో, పలకలతో సమం చేశారు. పదిహేనేళ్లుగా అర్జీలు పెడుతున్న కాలనీలవాళ్లు వీధుల్లోకొచ్చి కొబ్బరికాయలు కొట్టారు. యాత్ర అయిపోయిన మర్నాడు ఆ బస్తాలన్నీ జాగ్రత్తగా లెక్క పెట్టి తీసేశారు. తాత్కాలిక ఏర్పాటు కదా.

ఈలోగా ఉపాయశాలులు బయల్దేరారు. మా కాలనీ సంఘం అధ్యక్షుడు చిట్టూరి పానకాలు గారు, వెయ్యి మీటర్ల కోసం అంత దూరాలు పోవడం ఎందుకని, ఇంటి పక్క ఫ్లైఓవరు సైకిలు మీద ఎక్కడం, ఆటోలో దిగడం మొదలుపెట్టారు. నూట నలభైసార్లు ఎక్కితే సరిపోతుందని లెక్క. తొంభై రెండోసారికి ఆటో డ్రైవరుకి కళ్లు తిరిగాయి. పానకాలు గారికేమీ కాలేదు.

యాత్ర రోజు ఆదివారం. ఆరింటికన్నారు. ముఖ్య అతిథి ఏడు నలభైకి వచ్చి జెండా ఊపారు. ముందు పైలట్ బళ్లు, వెనక సైకిళ్లు, ఆ వెనక అవరోహణ వాహనాలు, సైకిళ్లు మోసే లారీలు, ఆ లారీల్లోకి సైకిళ్లు ఎత్తే కళాసీలు. నూట నలభై సైకిళ్లకి రెండొందల చిల్లర బళ్లు. పొగ వల్ల మొదటి కొండ కాసేపు కనిపించలేదు.

ఎక్కడంలో నేను అందరికన్నా ఆఖరు. కాని పైకి చేరేసరికి అందరూ అక్కడే ఉన్నారు. దిగడానికి వరస. ఒక్కొక్కరూ రిజిస్టరులో సంతకం చెయ్యాలి, సైకిలుకి చీటీ కట్టాలి, లారీలో సైకిలు, వ్యానులో మనిషి. ఎక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి నలభై. దేవుడు ముసలివాళ్ల కోసమే ఈ పద్నాలుగో నిబంధన రాయించాడనిపించింది. ఒక కళాసీ నన్ను చూసి, తను కూర్చున్న గోనెపట్టా తీసి నీడలో వేశాడు.

కుర్రాళ్లకి మాత్రం నరకం. కింద నున్నటి తారు రోడ్డు, ఎదురుగా సముద్రపు గాలి, చేతిలో సైకిలు. రెండో కొండ మీద ఇద్దరు ఆగలేక కేకలేసుకుంటూ జారిపోయారు. మూడో కొండ మీద పదిహేనుమంది. నాలుగో కొండ మీద డాక్టరు గారు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. మలుపు మలుపుకీ నిలబడ్డ పరిశీలకులు వాళ్ల నెంబర్లు రాసుకున్నారు. కారణం అనే గడిలో ఆనందం అని రాశారని తర్వాత తెలిసింది.

ఐదో కొండ అడుగుకి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. అక్కడి పరిశీలకుడు లెక్క చూసి, జారిపోయినవాళ్లూ అలిసి ఆగిపోయినవాళ్లూ పోగా పైకి తొంభై తొమ్మిదిమంది చేరారని, కింద మిగిలింది నేనొక్కణ్నేనని చెప్పాడు. అతని మొహంలో జాలి ఉంది. నా మీదో, అంబులెన్సు మీదో తెలియలేదు.

తొక్కగలిగినంత తొక్కాను. తర్వాత నడిపించాను. పైకి నడవకూడదని ఏ నిబంధనా లేదు. ఒక్కో మలుపు దగ్గరా ఆగుతుంటే, మా ఆవిడ చెప్పినవి ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. మూడో మలుపులో తేనెపట్టు బండ. ఐదో మలుపులో ఊట. ఆరో మలుపు దాటాక ఒక చదునైన రాయి. ఇక్కడ కూర్చుని పెట్టె దించుకుని గుక్కెడు నీళ్లు తాగేదాన్నని చెప్పేది. కూర్చున్నాను. ఒక మనిషికి సరిగ్గా సరిపోయే రాయి. ఇన్నేళ్లు ఆలస్యంగా వచ్చినా ఖాళీగానే ఉంది.

ఐదు దాటాక పైకి చేరాను. వేదిక, షామియానా, మైకు. దక్షిణామూర్తి గారు నా నెంబరు చూసి, ఎర్ర ఇంకుతో నూరు అని రాశారు. విశ్వంభరరావు గారు మైకులో నా పేరు చెప్పి, నూటికి నూరు అన్నారు. పూలదండ వెయ్యబోతుండగా పోలమ్మ కనిపించింది. తలపాగాలు చుట్టుకున్న నలుగురు మగవాళ్లు, వాళ్ల మధ్య నేల మీద దుప్పటి డోలీ. డోలీలో చిలకమ్మ. పెదవి కొరుక్కుంటోంది, అరవడం లేదు.

మధ్యాహ్నం పన్నెండింటినుంచి నొప్పులు. రోజులు ఇంకా నిండలేదు. డోలీ కట్టి బయల్దేరితే మలుపు దగ్గర ఆపి వెనక్కి పంపేశారట. యాత్ర ముగిసేదాకా రోడ్డు మీద కాలినడకన దిగడం నిషేధం. యాత్రికుడెవరో, ఊరి మనిషెవరో పరిశీలకుడికి ఎలా తెలుస్తుంది?

షామియానా పక్కన ఆఖరి జీపు నిలబడి ఉంది. మిగతా జీపులన్నీ, అధికారులవి కూడా, యాత్రికులను తీసుకుని దిగిపోయాయి. అది నా కోసం ఉంచింది.

విశ్వంభరరావు గారు నిజంగానే కంగారుపడ్డారు. రెండు చేతులూ ఎత్తి పోలమ్మకి నమస్కారం పెట్టి, ఇది మిక్కిలి విచారకరమైన పరిస్థితి అన్నారు. వాహనం యాత్రికులకు మాత్రమే ఉద్దేశించబడినదని, ఇతరులను ఎక్కిస్తే యాత్ర యావత్తూ చెల్లకుండా పోయే ప్రమాదమున్నదని, అప్పుడు ఈమె వంటివారి కోసమే రానున్న అంబులెన్సు రాకుండా పోతుందని వివరించారు.

"ఆ బండొచ్చేదాకా ఇది కడుపులో ఉంటాదేటి బాబూ?" అంది పోలమ్మ. గొంతు పెంచలేదు.

నాకు ఒకటే తోచింది. దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్లాను.

"అయ్యా, జీపులో దిగే హక్కు నాకుంది కదా. నా బదులు ఆ అమ్మాయి దిగుతుంది."

"మీరు?"

"నేను పైనే ఉంటాను."

ఆయన నిబంధనల పుస్తకం తీశారు. పద్నాలుగో నిబంధన మొదటినుంచి చివరిదాకా చదివారు. మళ్లీ చదివారు. ఆ రెండు నిమిషాలు నా జన్మలో పెద్దవి. చిలకమ్మ ఒకసారి మూలిగింది. ఆయన తలెత్తలేదు, కాని ఎర్ర పెన్ను మూత తీశారు.

"అవరోహణ ప్రతినిధి ద్వారా జరగరాదని ఎక్కడా లేదు" అని, ఒక కాగితం మీద ఏదో రాసి, జీపు డ్రైవరు యర్రయ్యకిచ్చి, "బేగి పోనీ" అన్నారు. ఆఫీసు భాష కాకుండా ఆయన నోట నేను విన్న మొదటి మాట అది.

నలభై ఐదు నిమిషాల్లో ఆస్పత్రికి చేరారు. ఆపరేషను చేసి తీశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

నేను పైనే ఉండిపోయాను. కాలినడకన దిగితే నా ఎత్తు పోతుంది, నూరు తొంభై తొమ్మిదవుతుంది. నా వంతు జీపు ప్రయాణం వాడేశాను కనక, రెండోసారి దిగడానికి కొత్త ఉత్తర్వు కావాలి. జీపులో ఒక్కరికే అనుమతి కనక పైనే ఆగిన పోలమ్మ ఇంట్లో చాప వేసింది. వేడి గంజిలో ఉప్పు, పచ్చిమిరపకాయ. నర్సమ్మ గోరు కూకున్న చోటే కూకున్నావు బావూ అంది. ఆ గంజి రుచి మా ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఏదో ఒక బుధవారం ఎక్కేవాణ్నేమో.

నాలుగో రోజున మండలి నుంచి మెమో వచ్చింది. ఒకరి అవరోహణ హక్కుపై ఇద్దరు దిగిన కారణమేమి, మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను. జీపు ఎక్కేటప్పుడు రిజిస్టరు ప్రకారం ఒక్కరేనని, ఇద్దరైనది సముద్రమట్టానికి చేరుకున్న తర్వాతనేనని రాసి పంపాను. సంజాయిషీ తృప్తికరంగా ఉన్నదని జవాబొచ్చింది.

యాత్ర జరిగిన రెండు వారాలకి పెద్ద ఉత్తరమే వచ్చింది. నూరుమంది ఎక్కారని మండలి తాత్కాలికంగా ధ్రువీకరించింది. కంపెనీ అంబులెన్సు ఇచ్చేసింది. అయితే గుమ్మిగూడ వాస్తవ్యురాలైన గర్భిణిని నలభై ఐదు నిమిషాలలో ఆస్పత్రికి చేర్చినట్టు మండలి రికార్డులోనే ఉన్నందున, ఆ గ్రామానికి సంతృప్తికరమైన వాహన సౌకర్యం ఉన్నట్టు రుజువైనది. కావున సదరు అంబులెన్సును వాహన సౌకర్యం రుజువు కాని ప్రదేశమునకు, అనగా మండలి కార్యాలయ ఆవరణకు, కేటాయించడమైనది. ఉదయం వేళ సైకిలు తొక్కే సభ్యులకు పిక్కలు పట్టేసినప్పుడు ఉపయోగపడగలదు.

ఉత్తరం చదివి వినిపించాను. పోలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పుల్లలు సర్దింది. యర్రయ్య మాత్రం జీపు బానెట్టు మీద కూర్చుని, మీరింక దిగిపోండి తాతగోరూ, నన్నూ పోనియ్యండి, పదిహేను రోజులై ఇంటి మొహం చూళ్లేదు అన్నాడు. పద్నాలుగో నిబంధన ప్రకారం నేను పైనున్నంతకాలం డ్రైవరుతో సహా జీపు ఉండాలి కనక అతనూ ఉన్నాడు.

అతనలా అనేదాకా నాకా సంగతి తోచలేదు. ఇనప బల్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. కింద ఊరంతా కనిపిస్తోంది. మా ఇల్లు ఎటువైపుందో పోల్చుకోవడానికి ప్రయత్నించి మానేశాను.

మర్నాడు మండలికి దరఖాస్తు పెట్టాను. నాకు దిగుటకు అనుమతి ఇప్పించగలరు. తొమ్మిదో రోజున అనుమతి వచ్చింది. అదే రోజున పైవీధి దాలయ్యకి కాలు బెణికి బూరెలా వాచింది. ప్రతినిధి అన్న చోట అతని పేరు రాశాను. మళ్లీ దరఖాస్తు పెట్టాను. మళ్లీ అనుమతి వచ్చింది. ఈసారి బడికెళ్లే పిల్లకి జ్వరం. మధ్యలో అవసరం పడితే ఎలాగంటారా? యర్రయ్య మొదట సణిగాడు గాని, వాచిన కాలు ఒకటి మోసొచ్చాక మెత్తబడ్డాడు. వాళ్ల ఆవిణ్నీ కొడుకునీ పైకి తెచ్చుకున్నాడు. ఇప్పుడు తనే అంటాడు, జీపు బ్రేకులు పరీక్షించాలి కదండీ, బ్రేకుల సంగతి కిందకి పోతేనే గాని తెల్దు.

ఇలా నాలుగు నెలలు గడిచాక ఒకరోజు దక్షిణామూర్తి గారే వచ్చారు. ఆ జీపులో కాదు, నడిచి. ఆరో మలుపు దాటాక రాయి మీద కూర్చున్నారట. చొక్కా తడిసిపోయింది. పోలమ్మ టీ ఇస్తే తాగారు. చిలకమ్మ పిల్లనెత్తుకొచ్చి చూపిస్తే, బరువెంత అన్నారు. తర్వాత నా ఫైలు తెరిచారు. అందులో నా దరఖాస్తులు పద్నాలుగున్నాయి.

"ఇందులో ఒక లోపం ఉంది" అన్నారు.

చిలకమ్మ పిల్లను అవతలి భుజానికి మార్చుకుంది. ఎర్ర ఇంకుతో ఆ ఫైలు మీద ఒక్క వాక్యం చాలు, సాయంత్రానికి జీపు ఉండదు.

"ప్రతి దరఖాస్తులోనూ 'త్వరగా' అనే మాట రాస్తున్నారు. ఆ మాట ఉంటే ఫైలు కార్యదర్శి గారి దగ్గరికి పోతుంది. ఆయన చూస్తే ఈ వ్యవహారమంతా ఏమిటని అడుగుతారు. ఆ మాట లేకపోతే నా దగ్గరే ఉంటుంది." పెన్ను మూత పెట్టేశారు. "నాకు ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసుంది."

అని లేచి, దిగడానికి జీపు ఎక్కబోయి ఆగారు. ఆయన యాత్రికుడు కాదు. నమస్కారం పెట్టి, నడుచుకుంటూనే వెళ్లిపోయారు.

నిన్న కొత్త ఉత్తర్వు వచ్చింది. పోలమ్మకి కంట్లో శుక్లం బాగా ముదిరింది. ఇవాళ పొద్దున్నే ప్రతినిధి అన్న చోట ఆవిడ పేరు రాసి యర్రయ్యకిచ్చాను. తిరిగొచ్చాక నీ మొహం ఎలగుంటాదో సూస్తాను బావూ అంది, జీపు ఎక్కుతూ. జీపు కదిలాక చిలకమ్మ పిల్లను నా ఒళ్లో పెట్టి గంజి కాచడానికి వెళ్లింది. ఇవాళ బుధవారం. కాసేపట్లో కొత్తగా వచ్చిన ఏఎన్ఎం అమ్మాయి పెట్టె మోసుకుని వస్తుంది. ఆరో మలుపు దాటాక ఆ రాయి మీద కూర్చుని నీళ్లు తాగమని చెప్పాను.

రిజిస్టరులో నా పేరు ఎదుట ఇంకా అలాగే ఉంది. ఎక్కినది వెయ్యిన్ని పది మీటర్లు. దిగినది లేదు.